మకావు వీధి రేసు 1954 నుంచి ఎందుకు ఆగలేదు?

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ చూశానని, మరుసటి ఏడాది జరగవలసింది రద్దయిందని మీరు రాశారు. ఊరి వీధుల్లో కార్ల రేసు అసలు ఎక్కడైనా నిలుస్తుందా, చైనా తీరాన హాంకాంగ్ దగ్గరి మకావులో 1954 నుంచి జరుగుతోందన్నది నిజమేనా, నిజమైతే అక్కడ ఎలా కుదిరింది, చూడటానికి వెళ్తే ఎక్కడ కూర్చోవాలి అని అడిగారు.

నిజమే. 1954 అక్టోబరు 30, 31 తేదీల్లో మొదలైన పోటీ ఒక్క ఏడాది కూడా తప్పలేదు. 2023లో 70వది జరిగింది. కోవిడ్ వల్ల బయటి డ్రైవర్లు రాలేని 2020లో కూడా చిన్నవైన ఫార్ములా 4 కార్లతో నడిపించారు. స్థానిక కుర్రాడు చార్లెస్ లియాంగ్ గెలిచాడు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. చిన్నతనంలో మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలపు పాత రన్‌వే మీద జరిగే రేసుల్లో జెండా పట్టుకుని నిలబడ్డ మార్షళ్లలో నేనొకణ్ని. తరువాత ఉద్యోగం కోసం హాంకాంగ్‌లో ఉన్న ఏళ్లలో నవంబరు వచ్చిందంటే మకావు పడవ ఎక్కేవాణ్ని. కాబట్టి కొంత చదివింది, కొంత గోడ పక్కన నిలబడి చూసింది కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. దీని పేరు మకావు గ్రాండ్ ప్రి. గ్రాండ్ ప్రి అనగానే మనవాళ్లు ఫార్ములా 1 అనుకుంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు పెద్ద బహుమతి అని తప్ప వేరే అర్థం లేదు. మకావులో ఫార్ములా 1 ప్రపంచ పోటీ ఎన్నడూ జరగలేదు. తరువాత ఫార్ములా 1 ప్రపంచ విజేతలైన సెన్నా, షూమాకర్ అక్కడ గెలిచినప్పుడు వాళ్లు ఇంకా ఫార్ములా 1కు చేరని కుర్రాళ్లు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ రేసు బతికి ఉండటానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఇక కథ. రెండో ప్రపంచ యుద్ధంలో పోర్చుగల్ తటస్థంగా ఉంది. అందువల్ల హాంకాంగ్‌ను ఆక్రమించిన జపాను, అరవై కిలోమీటర్ల దూరంలోని పోర్చుగీసు మకావును అలా ఆక్రమించలేదు. ఊరు శరణార్థులతో నిండిపోయింది గాని కూలిపోలేదు. యుద్ధం తరువాత మకావు ఒక నిద్రమత్తు ఊరు. ద్వీపకల్పం మొత్తం కలిపినా పది చదరపు కిలోమీటర్లు లేదు. కార్లు తక్కువ, కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. ఫెర్నాండో డి మాసెడో పింటో, కార్లోస్ డా సిల్వా, పాలో అంతాస్ అనే ముగ్గురు మిత్రులు సరదాగా ఒక ఆట తలపెట్టారు. రేసు కాదు. ఊరంతా కార్లలో తిరుగుతూ ఆనవాళ్లు వెతికే నిధివేట. సలహా కోసం హాంకాంగ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌కు చెందిన పాల్ డు టోయిట్‌ను అడిగారు. వాళ్లు గీసుకున్న దారి చూసి, దీనిమీద నిధివేట ఏమిటి, గ్రాండ్ ప్రి పెట్టండి అన్నాడాయన. పెట్టారు!

ఆ దారినే ఈనాటికీ గుయా సర్క్యూట్ అంటారు. గుయా అన్నది ఊరికి తూర్పున ఉన్న కొండ. దాని నెత్తిన 1865లో వెలిగించిన లైట్‌హౌస్ ఉంది. చైనా తీరంలో పాశ్చాత్య పద్ధతిలో కట్టిన మొదటిది అదే. కొండకింద సముద్రాన్ని పూడ్చి వేసిన తిన్నని రోడ్డు, ఒక పక్క మంచినీటి జలాశయం, ఇంకో పక్క కొండ చుట్టూ పాములా తిరిగే పాత వీధులు. రెండింటినీ ముడివేస్తే ఆరు కిలోమీటర్ల పైచిలుకు చుట్టు. ఇప్పటి లెక్క 6.12 కిలోమీటర్లు.

మొదటి రేసు నాలుగు గంటలపాటు సాగింది. పాల్గొన్నవి రేసు కార్లు కావు, యజమానులు ఆఫీసుకు నడుపుకుని వెళ్లే స్పోర్ట్స్ కార్లు. ఎడ్వార్డో డి కార్వాల్హో అనే పోర్చుగీసు డ్రైవరు ట్రయంఫ్ టీఆర్2లో గెలిచాడు. మరుసటి ఏడాది రాబర్ట్ రిచీ ఆస్టిన్ హీలీలో, ఆపైన డగ్ స్టీన్ మెర్సిడెస్ 190 ఎస్‌ఎల్‌లో. 1958లో సింగపూరు నుంచి వచ్చిన చాన్ లై చూన్ ఆస్టన్ మార్టిన్‌తో నెగ్గాడు. ఈ పేర్లలో ఒక సంగతి గమనించండి. మకావు ఊరివాళ్లకన్నా బయటివాళ్లే ఎక్కువ. హాంకాంగ్‌లో డబ్బుంది, కార్లున్నాయి, రేసు కట్టుకునే చోటు లేదు. మకావులో చోటుంది, డబ్బు లేదు. కారును ఓడలో వేసుకుని వచ్చి, రెండు రోజులు తిప్పి, మళ్లీ ఓడలో తీసుకుపోయేవారు. అవసరం రెండు వైపులా ఉంటే ఏ వ్యవహారమైనా నిలబడుతుంది. మన ఊళ్లలో జరిగిన ప్రయత్నాల్లో నాకు కనిపించిన లోటు ఇదే: పోటీ పెట్టేవాడి ఉత్సాహం తప్ప, ఈ చోటు లేకపోతే మాకు గతిలేదు అనే డ్రైవర్ల గుంపు వెనక లేదు.

ఆ కాలానికి ఇలాంటి రేసులు అరుదేమీ కాదు. యుద్ధం ముగిసిన పదేళ్లలో ఐరోపాలో ఎన్నో తీర పట్టణాలు వీధుల్లో రేసులు పెట్టాయి. ఇటలీలో బారి 1947లో మొదలుపెట్టి 1956తో ఆపేసింది. అడ్రియాటిక్ ఒడ్డున పెస్కారాలో 1957లో ఫార్ములా 1 ప్రపంచ పోటీ కూడా జరిగింది. ఒక చుట్టు 25 కిలోమీటర్ల పైమాటే, పల్లెల మధ్య నుంచి, కొండల మీదుగా. ప్రపంచ పోటీ జరిగిన సర్క్యూట్లన్నిటిలో పొడవైనది అదే. స్టర్లింగ్ మాస్ గెలిచాడు. పోర్చుగల్‌లోనే పోర్తో నగరంలో 1958, 1960ల్లో రాతి పలకల వీధులు, ట్రాము పట్టాల మీద ఫార్ములా 1 నడిపించారు. మన వైపు వస్తే సింగపూరులో థామ్సన్ రోడ్డు రేసు 1961లో మొదలై 1973లో ముగిసింది. మళ్లీ వీధి రేసు చూడటానికి ఆ ఊరు 2008 దాకా ఆగవలసి వచ్చింది.

ఎందుకు ఆగిపోయాయి? 1955లో ఫ్రాన్సులోని ల మాన్ రేసులో ఒక కారు ఎగిరి జనం మీద పడి ఎనభై మందికి పైగా పోయారు. స్విట్జర్లాండు సర్క్యూట్ రేసులనే నిషేధించింది. 1957లో ఇటలీలో మిల్లె మిల్యా అనే రోడ్డు రేసులో ఇంకో ఘోరం, ఐదుగురు పిల్లలతో సహా ప్రేక్షకులు చనిపోయారు. దాంతో రోడ్డు రేసులంటేనే ప్రభుత్వాలకు భయం పుట్టింది. దానికి తోడు కార్ల వేగం ఏటా పెరుగుతోంది, వీధి మాత్రం అంతే ఉంది. వేగానికి తగ్గట్టు వీధిని వెడల్పు చేయాలంటే ఇళ్లు పడగొట్టాలి, చెట్లు కొట్టాలి. చేయలేని ఊళ్లు చేతులెత్తేశాయి, చేతనైనవాళ్లు ఊరి బయట పొలాల్లో ట్రాకు కట్టుకున్నారు.

మకావు ఈ రెండూ చేయలేదు. రోడ్డును అలాగే ఉంచి, దానికి సరిపోయే కార్లను వెతుక్కుంది. మొదట యజమానుల స్పోర్ట్స్ కార్లు. 1960ల్లో లోటస్ వంటి తేలికపాటి రేసు కార్లు. 1974 నుంచి ఫార్ములా పసిఫిక్ అనే తరగతి రేసు కార్లు. 1980ల మొదట్లో ఆ తరగతికి కాలం చెల్లినప్పుడు ఫార్ములా 2కు ఎదగాలనే ఆలోచన వచ్చింది. ఆ కార్ల కోసం సర్క్యూట్‌ను మార్చవలసి ఉంటుందని తేలింది. అప్పుడు వాళ్లు ఒక మెట్టు పైకి పోవడానికి బదులు ఒక మెట్టు కిందికి, ఫార్ములా 3కి దిగారు. పేరుప్రతిష్ఠల పిచ్చి ఉన్న నిర్వాహకులు ఎవరూ ఆ పని చేయరు. నా దృష్టిలో ఈ రేసు చరిత్రలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం అదే. ఐరోపా, జపాను దేశాల ఫార్ములా 3 పోటీలన్నీ అప్పట్లో అక్టోబరుకల్లా ముగిసేవి. నవంబరులో మకావులో తుపానుల కాలం వెళ్లిపోయి ఉంటుంది. ఏ దేశానికి ఆ దేశంలో గెలిచిన కుర్రాళ్లంతా ఒక్కచోట తలపడటానికి అంతకన్నా మంచి వేళ, చోటు దొరకవు. ఆ సమన్వయమంతా చూసినవాడు బారీ బ్లాండ్ అనే ఇంగ్లీషువాడు.

1983లో అలా జరిగిన మొదటి ఫార్ములా 3 రేసును అయిర్టన్ సెన్నా గెలిచాడు. రేసు రెండు భాగాలు, రెండిట్లోనూ అతనే ముందు. రెండో స్థానం రాబర్టో గెరేరో, మూడు గెర్హార్డ్ బెర్గర్. సెన్నా నడిపిన రాల్ట్ కారు థియొడోర్ జట్టు పేరుమీద దిగింది. ఆ థియొడోర్ అంటే టెడ్డీ యిప్. ఈయన గురించి ఒక పేరా రాయకపోతే నాకు నిద్రపట్టదు. పుట్టింది 1907లో ఇండోనేషియాలోని మెదాన్‌లో. ఎన్నో భాషలు, ఎన్నో వ్యాపారాలు. తానే మకావులో రేసు నడిపినవాడు. 1962లో మకావు జూద వ్యాపారంపై గుత్తాధిపత్యం పొందిన సంస్థలో స్టాన్లీ హోతో పాటు భాగస్వామి, పైగా ఆయనకు బావ వరస. ఆ సంస్థ కట్టిన లిస్బోవా హోటలు 1970లో తెరుచుకుంది, సరిగ్గా సర్క్యూట్‌లోని అతి ముఖ్యమైన మలుపు దగ్గర. సంపాదనలో కొంత తీసుకెళ్లి సొంత ఫార్ములా 1 జట్టు కూడా నడిపాడు. అందులో పెద్దగా గెలిచిందేమీ లేదు. మకావులో మాత్రం ఏటా ఐరోపా కుర్రాళ్లను వెతికి పట్టుకొచ్చేవాడు. జూదపు డబ్బు లేకపోతే ఈ రేసు ఇంత దూరం వచ్చేది కాదని చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు. నవంబరు వారాంతంలో హోటళ్లు నిండుతాయి, బల్లల దగ్గర జనం కూర్చుంటారు. రేసుకు ఖర్చు పెట్టేవాడికి, రేసు వల్ల లాభపడేవాడికి మధ్య తేడా లేదు. ప్రతి ఏటా కొత్త ప్రాయోజకుణ్ని దేవులాడుకునే పని ఉండదు.

1990 రేసు గురించి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా. మొదటి భాగం మికా హాకినెన్ గెలిచాడు. రెండో భాగంలో మైకేల్ షూమాకర్ ముందు, హాకినెన్ అతని వెనకే. రెండు భాగాల సమయం కలిపి చూస్తారు గనుక హాకినెన్ ఊరికే వెనకాల వస్తే చాలు, కప్పు అతనిదే. చివరి చుట్టు మొదట్లో, తిన్నని రోడ్డు మీద దాటబోయాడు. షూమాకర్ పక్కకు జరిగాడు, హాకినెన్ కారు వెనకనుంచి కొట్టుకుని గోడకు తగిలి ఆగిపోయింది. షూమాకర్ వెనక రెక్క ఊడిన కారుతోనే చుట్టు పూర్తి చేసి గెలిచాడు. తప్పెవరిదని ముప్పై ఏళ్లు దాటినా కొట్టుకుంటూనే ఉన్నారు. మార్షల్‌గా నిలబడ్డవాడిగా నా తీర్పు: అవసరం లేని చోట దాటబోవడం కుర్రతనం, అడ్డంగా పక్కకు జరగడం జాణతనం. ఇద్దరికీ ఇరవై మూడేళ్లు నిండలేదు.

సర్క్యూట్ ఎలా ఉంటుందో తెలియకపోతే ఇదంతా పేర్ల జాబితాలా మిగిలిపోతుంది. బయలుదేరేది పాత బాహ్య రేవు పక్కన. జలాశయం ఒడ్డున చిన్న కుడి వంపు, తరువాత మాండరిన్ మలుపు. పేరుకు మలుపేగాని యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీయకుండా పోవాలి. అక్కడినుంచి గంటకు 270 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకొచ్చి, లిస్బోవా దగ్గర తొంభై డిగ్రీల కుడి మలుపుకు బ్రేకు వేయాలి. దాటడానికి అవకాశమున్న చోటు దాదాపు అదొక్కటే. అందుకే మొదటి చుట్టులో సగం కార్లు అక్కడే ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. ఆపైన అంతా వేరే ప్రపంచం. శాన్ ఫ్రాన్సిస్కో ఎత్తు, మెటర్నిటీ మలుపు, సాలిట్యూడ్ వంపులు, మూరిష్ కొండ. ముప్పై మీటర్ల దాకా ఎక్కి దిగే ఇరుకు సందులు. అతి ఇరుకైన చోట వెడల్పు ఏడు మీటర్లే. రెండు వైపులా ఇనుప కంచె, కంచె వెనకే మేడలు. పొరపాటు చేస్తే జారిపోవడానికి గడ్డి, ఇసుక ఏమీ ఉండవు. కిందికి దిగాక మెల్కో అనే వెనుతిరుగు మలుపు. అది ఎంత ఇరుకంటే, అక్కడ ఎవరినీ దాటకూడదని రేసంతా పసుపు జెండా ఊపుతూనే ఉంటారు. జెండా మార్షల్‌కు ఇంతకన్నా తీరిక లేని ఉద్యోగం ప్రపంచంలో లేదు.

ఆ పేర్లలోనే ఊరి చరిత్ర ఉంది. లిస్బోవా మలుపును హోటలు రాకముందు విగ్రహం మలుపు అనేవారు, ఫెరీరా దో అమరాల్ అనే పాత గవర్నరు గుర్రమెక్కిన కంచు విగ్రహం అక్కడ ఉండేది. 1992లో దాన్ని తీసి పోర్చుగల్‌కు పంపేశారు. మాండరిన్ హోటలుకు పేరు మారింది, మలుపుకు మారలేదు. మెల్కో అంటే మకావు విద్యుత్ సంస్థ పాత పేరు. జాలరుల మలుపు అని ఒకటి ఉంది, ఇప్పుడక్కడ వల ఆరేసేవాడు కనిపించడు. సముద్రాన్నే పూడ్చి దూరంగా తోసేశారు. మన దేశానికి సంబంధించిన గుర్తు కూడా ఒకటి చెప్పాలి: గుయా కొండ వాలులోనే 1829 నాటి పార్సీ శ్మశానం ఉంది. నల్లమందు, పత్తి వ్యాపారాలకు బొంబాయి నుంచి వచ్చి అక్కడే కన్నుమూసినవాళ్లది. రేసులోకి మనవాళ్లు చాలా ఆలస్యంగా వచ్చారు. నారాయణ్ కార్తికేయన్, ఆ తరువాత జెహాన్ దారువాలా ఈ రోడ్డు మీద ఫార్ములా 3 కార్లు నడిపారు.

చావుల మాట దాచిపెడితే ఈ సమాధానం అబద్ధమవుతుంది. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు హోసే లారెల్ కొడుకు అర్సేనియో లారెల్ 1962, 1963ల్లో వరసగా గెలిచాడు, రెండుసార్లు నెగ్గిన మొదటివాడు. 1967లో అతని కారు సముద్రపు గట్టు గోడకు కొట్టుకుని మంటల్లో చిక్కుకుంది. ఈ రేసు తీసుకున్న మొదటి ప్రాణం అతనిదే. అదే ఏడాది మోటారు సైకిళ్ల పోటీ కూడా మొదలుపెట్టారు. ఇనుప కంచెల మధ్య కార్లకే చోటు లేని దారిలో బైకులు! మైకేల్ రట్టర్ అందులో తొమ్మిదిసార్లు గెలిచాడు. 2012లో లూయిస్ కరేరా, 2017లో డేనియల్ హెగర్టీ ఆ పోటీల్లోనే పోయారు. కార్ల రేసును ఎంత సమర్థించినా బైకుల రేసు చూస్తూ నేను ఒక్కసారి కూడా స్థిమితంగా కూర్చోలేదు. 2018లో సోఫియా ఫ్లోర్ష్ కారు లిస్బోవా దగ్గర గాలిలోకి లేచి, కంచె పైనుంచి ఎగిరి ఫోటోగ్రాఫర్ల గట్టు మీద పడింది. వెన్నెముక విరిగినా ఆ పదిహేడేళ్ల అమ్మాయి బతికి మళ్లీ రేసులకు వచ్చింది. కారు దిట్టంగా కట్టారు, అదృష్టం తోడైంది. రెండో దాన్ని ఏ నిబంధనల పుస్తకంలోనూ రాయలేం.

కార్లు, బైకులు రెండూ ఇక్కడ గెలిచిన మనిషి ఒకడున్నాడు, జాన్ మెక్‌డొనాల్డ్. గ్రాండ్ ప్రి నాలుగుసార్లు, 1969లో మోటారు సైకిల్ పోటీ, 1972లో కొత్తగా మొదలైన టూరింగ్ కార్ల గుయా రేసు. ఈ మూడూ గెలిచినవాడు వేరొకరు లేరు. అలాంటివాడు ఇకపై పుట్టడు కూడా, ఇప్పటి డ్రైవర్ల ఒప్పందాలు చూస్తే బైకు ఎక్కనివ్వరు.

1999 డిసెంబరు 20న మకావు చైనాకు అప్పగించబడింది. పోర్చుగీసువాళ్ల సరదా పోర్చుగీసువాళ్లతోనే పోతుందని హాంకాంగ్‌లో నా సహోద్యోగులు పందేలు కూడా వేశారు. ఓడిపోయారు. కొత్త ప్రభుత్వం వచ్చాక జరిగిన మొదటి రేసు, 2000లో, మకావు జెండాతో నడిపే ఆండ్రె కూటో గెలిచాడు. ఆ సాయంత్రం ఊరు చూడవలసిందే! ఆ తరువాతి ఏడాది తకుమా సాటో. పోటీ పేరు, కార్ల తరగతి మారుతూ వచ్చాయి. 2024 నుంచి ఫార్ములా రీజనల్ కార్లు దిగుతున్నాయి, అంటే మళ్లీ ఒక మెట్టు కిందికి. అలవాటైన మెట్టే.

హైదరాబాదు, 2024లో ఫార్ములా 4 నడిపిన చెన్నై సంగతి వేరు. అవి రోడ్డును కొన్నాళ్లు రేసు కోసం అలంకరించిన చోట్లు. తప్పని అనను. కాని మకావుకు కుర్ర డ్రైవర్లు ఏటా వచ్చి పరీక్ష రాసేది ఒకే ప్రశ్నపత్రం మీద, సెన్నా రాసింది కూడా అదే. ఆ వరుస కోసమే వస్తారు.

ఇక మీ చివరి ప్రశ్న. డబ్బు ఒక్క టికెట్టుకే ఉంటే లిస్బోవా స్టాండు తీసుకోండి, కార్లు బ్రేకు వేసే చోటు ఎదురుగా కనిపిస్తుంది. జలాశయం వైపు స్టాండు చవక, కాని కార్లు రెప్పపాటులో పోతాయి. చెవులకు దూది మరవకండి. ఆదివారం కన్నా ముందే, గురువారం నాటికి చేరుకోండి, రేసులో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఒంటరి కారు కొండెక్కుతుంటే వచ్చే శబ్దం రేసులో వినపడదు. సాయంత్రం పోటీలు అయ్యాక రోడ్లు మళ్లీ జనానికి తెరుస్తారు. అప్పుడు లిస్బోవా దగ్గర మొదలుపెట్టి మెటర్నిటీ మీదుగా మెల్కో దాకా నడవండి. కంచెకు అంటుకున్న రంగురంగుల గీతలు చేత్తో తడిమి చూడవచ్చు, ఇంకా వెచ్చగా ఉన్న రబ్బరు వాసన వస్తుంది, వెనకనుంచి సిటీ బస్సు దారిమ్మని హారన్ కొడుతుంది.